పాట్రిక్ రస్సెల్

రక్తపింజరి యను పామును ఎరుగని రైతు మన దేశమున అరుదు. చేలగట్లపైనను, ఎండుటాకుల నడుమను చుట్టలు చుట్టుకొని కదలక పడియుండి, కాలు తగిలినంతనే కాటువేయు ఈ పామువలన ప్రతి సంవత్సరమును పెక్కుమంది ప్రాణములు కోల్పోవుచున్నారు. ఈ పామునకు ప్రపంచమందలి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో పాట్రిక్ రస్సెల్ అను వైద్యుని పేరు చేరియున్నది. ఇతడు స్కాట్లాండు దేశీయుడు. అయినను ఇతనికి శాశ్వతమైన కీర్తిని తెచ్చిన పని జరిగినది మన విశాఖపట్టణపు తీరముననే. అచటి పాములను, చేపలను ఇతడు తెలుగు పేర్లతోనే లోకమునకు తెలియజేసెను.

పదునెనిమిదవ శతాబ్దపు మొదటి పాదము ముగిసిన కొలదికాలమునకు రస్సెల్ ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. ఇతని సవతి అన్నయైన అలెగ్జాండర్ రస్సెల్ వైద్యుడు. ఆయన సిరియా దేశమందలి అలెప్పో నగరమున, ఆంగ్ల వర్తకుల లెవాంట్ కంపెనీకి వైద్యుడుగా నుండెను. అన్న అడుగుజాడలలోనే పాట్రిక్ కూడ వైద్యశాస్త్రము నభ్యసించి, 1750లో పట్టము పొంది, అలెప్పోకు ప్రయాణమయ్యెను. కొలది సంవత్సరములకు అన్న స్వదేశమునకు మరలిపోగా, ఆ పదవి తమ్మునికి లభించెను.

అలెప్పో అప్పుడు తురుష్క సామ్రాజ్యములోని గొప్ప వర్తక కేంద్రము. ఒంటెల బిడారులు ఎడారులు దాటి అచటికి సరకులు తెచ్చుచుండెడివి. ఆ సరకులతోపాటు అప్పుడప్పుడు ప్లేగు కూడ వచ్చుచుండెడిది. 1760, 1761, 1762 సంవత్సరములలో ఆ మహమ్మారి అలెప్పోలో వరుసగా చెలరేగెను. ప్లేగు ఏ జీవివలన కలుగునో, ఎట్లు వ్యాపించునో ఆనాడెవ్వరికిని తెలియదు. రస్సెల్ మాత్రము ఆ కష్టకాలమున రోగముయొక్క నడకను శ్రద్ధతో గమనించెను. అది ఏ ఋతువులో హెచ్చుచున్నది, ఎప్పుడు తగ్గుచున్నది, రోగికి ఏ లక్షణములు ఏ క్రమమున కనబడుచున్నవి, ఎవరు కోలుకొనుచున్నారు, ఎవరు మరణించుచున్నారు అను విషయములన్నియు వ్రాసియుంచెను. కన్నది కన్నట్లు వ్రాయుట, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకుండుట అను రెండు నియమములు ఇతనికి జీవితాంతమును తోడుగా నిలిచెను.

అరబ్బులలో మశూచికి టీకా వేయు ఆచారము పూర్వమునుండియు నున్నట్లు ఇతడు తెలిసికొనెను. పిల్లవాడు గుప్పెడు ఎండుద్రాక్షపండ్లో ఖర్జూరములో తీసికొనిపోయి, మశూచి సోకినవాని ఇంట వానిని ఇచ్చి, మారుగా మశూచిని కొనితెచ్చుకొనునట్టి వేడుక అది. మశూచి చీమును సూదితో చర్మమున ఎక్కించుట అందలి అసలు పని. చదువురాని వృద్ధస్త్రీలు ఆచరించు పద్ధతియని రస్సెల్ దానిని చులకన చేయలేదు. ఆ వివరములను సేకరించి లండనునందలి రాయల్ సొసైటీకి పంపగా, అవి 1768లో ప్రకటింపబడెను. అలెప్పో పాషా ఇతనిని మిక్కిలి ఆదరించి, తలపాగా ధరించు గౌరవమును ప్రసాదించెను.

ఇరువదేండ్లకు పైగా అలెప్పోలో గడిపి, 1770 తరువాత రస్సెల్ లండనుకు చేరెను. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నుకొనబడెను. ఇక సుఖముగా కాలము గడుపవలసిన వయస్సది. కాని 1781లో తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీవారి పరిపాలనాధికారము లభించెను. తమ్మునికి తోడుగా నుండుటకై పాట్రిక్ కూడ ఓడ నెక్కెను. అప్పటికి ఇతని వయస్సు ఏబది దాటినది.

ఆనాటి విశాఖపట్టణము చిన్న ఊరు. ఒకవైపు తూర్పు కనుమల కొండలు, మరియొకవైపు బంగాళాఖాతము. తీరమున జాలరుల గుడిసెలు, ఇసుకపై తెప్పలు, ఆరబెట్టిన వలలు. రస్సెల్ చెట్లను, చేమలను, పాములను, చేపలను పరిశీలించుట ప్రారంభించెను. తరంగంబాడిలో నుండి దక్షిణదేశపు వృక్షములను పరిశోధించుచుండిన కోనిగ్ అను పండితుడు కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండెను. ఆయన 1785లో మరణింపగా, ఆ పదవి రస్సెల్‌కు వచ్చెను. కంపెనీ వైద్యులు తమ తమ ప్రాంతములలోని ఉపయోగకరములైన మొక్కలను సేకరించి, బొమ్మలు వ్రాయించి, వర్ణనలతో పంపవలెనని ఇతడు సూచించెను. అట్లు పుట్టినదే విలియం రాక్స్‌బర్గ్ రచించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము. సామర్లకోటలో నుండి రాక్స్‌బర్గ్ చేసిన పరిశ్రమకు అది ఫలము. 1795లో వెలువడిన ఆ గ్రంథమునకు రస్సెల్ పీఠిక వ్రాసెను.

విశాఖపట్టణమున రస్సెల్ మనస్సును ఎక్కువగా కలచినది పాముకాటు. కాటు తగిలిన మనిషిని మోసికొని వచ్చినపుడు వైద్యుడు మొదట తెలిసికొనవలసినది, కరచినది విషసర్పమా, కాదా యనునది. దీనిని నిర్ణయించుటకు సులభమైన గురుతు ఏదియు లేకుండెను. పాముయొక్క రంగును, తలయొక్క ఆకారమును, తోకయొక్క పొడవును చూచి చెప్పగలమని కొందరు తలచుచుండిరి. రస్సెల్ పెక్కు పాములను తెప్పించి, ఒక్కొక్కదానిని పరిశీలించి, అట్టి గురుతులేవియు నమ్మదగినవి కావని కనుగొనెను. నోరు తెరచి కోరలను చూచిననే తప్ప నిశ్చయముగా చెప్పుటకు వీలులేదని ఇతడు తేల్చెను.

ప్రజలు కాటుక రేకుల పొడ అని పిలుచుచుండిన పామును ఇతడు ప్రత్యేకముగా పరిశోధించెను. దాని ఒంటిపై కాటుక దిద్దిన రేకులవంటి నల్లని మచ్చలు వరుసగా నుండును. మనము రక్తపింజరి యనునది ఇదియే. విషతీవ్రతలో ఇది త్రాచుపామునకు తరువాతిదిగా ఎన్నదగినదని రస్సెల్ నిరూపించెను. 1797లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడైన జార్జి షా ఈ పామునకు శాస్త్రీయనామ మిచ్చునపుడు అందు రస్సెల్ పేరును చేర్చెను. పచ్చని పట్టీలుగల కట్లపామును తెలుగువారు బంగారు పామని చెప్పగా, రస్సెల్ ఆ మాటనే వ్రాసికొనెను. నేడు కట్లపాముల జాతికంతకును ప్రపంచమంతట వాడబడు బుంగారస్ అను శాస్త్రీయనామము ఆ తెలుగు మాటనుండి పుట్టినదే.

పాముకాటునకు తిరుగులేని మందని ఆ రోజులలో తంజావూరు మాత్రలు ప్రసిద్ధికెక్కెను. వాటిలో పాషాణము కూడ కలియుచుండెను. కాటు తగిలిన కొందరు ఈ మాత్రలు మ్రింగి బ్రదికిరి. అందువలన మాత్రలే బ్రదికించినవని జనులు నమ్మిరి. కాని పాము కరచిన ప్రతిమారును ప్రాణాంతకమగునంత విషము ఎక్కకపోవచ్చును. అట్టి సమయమున మందు వేసినను, వేయకున్నను మనిషి బ్రదుకును. ఈ సంగతిని గుర్తింపనిచో ఏ మందైనను గొప్ప మందుగానే తోచును. రస్సెల్ కుక్కలపైనను, కోళ్లపైనను పాముకాటును పరీక్షించి, లక్షణములను గడియలవారీగా వ్రాసికొని, ఈ మాత్రలను కూడ పరీక్షించెను. వాటికి తిరుగు లేదను మాటకు ఆధారము కనబడలేదు. మూగజీవులను బాధించు ఇట్టి పరీక్షలు నేటి మనకు కఠినముగా తోచును. కాని బూటకపు ఆశను నమ్మి మరణించువారి సంఖ్య తక్కువది కాదు. నిజమైన మందు కొరకు వెదకవలెనన్నచో, మందు కానిదానిని ముందు గుర్తింపవలసియుండెను. పాముకాటునకు సరియైన విరుగుడు పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమునగాని సిద్ధము కాలేదు.

పాములవలెనే సముద్రమును రస్సెల్‌ను ఆకర్షించెను. జాలరులు ప్రతిదినమును వలలో తెచ్చు చేపలను తెప్పించి, ఒక భారతీయ చిత్రకారునిచేత వాటి బొమ్మలు వ్రాయించెను. నీటినుండి తీసిన కొలదిసేపటికే చేప రంగు మారును. మన ఎండలకు అది త్వరగా చెడిపోవును. కావున బొమ్మ వ్రాయుట, కొలతలు తీయుట, రెక్కలలోని ముండ్లను లెక్కించుట అన్నియు ఆలస్యము లేకుండ జరుగవలసియుండెను. ఇట్లు సేకరించిన రెండువందల చేపల బొమ్మలును, వర్ణనలును 1803లో రెండు సంపుటములుగా లండనున అచ్చయ్యెను. ఆ గ్రంథపు పేరులోనే విశాఖపట్టణపు పేరు కలదు.

ఈ గ్రంథములో ఒక విశేషము కలదు. చేపలకు రస్సెల్ జాలరులు చెప్పిన పేర్లనే శీర్షికలుగా నుంచెను. తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే ఆ బొమ్మలను చూచి, వాటి ఆధారముననే కొన్ని చేపలకు శాస్త్రీయనామము లిచ్చెను. మన తీరమున వేసవి పోయిన పిమ్మట గుంపులుగా దొరకు కానగుర్త నేటికిని శాస్త్రజ్ఞుల గ్రంథములలో కానగుర్తయే. తోలుపార యను చేప పేరులోని తోలు అను మాటయు అట్లే నిలిచినది. విశాఖ తీరపు జాలరి పలికిన మాట పారిసు నగరపు పండితుని కలమున నెక్కి, ప్రపంచభాషగా మారెను.

ఆ రెండువందల చేపలలో కప్ప అను మాట చేరిన పేర్లుగల చేపలు కూడ కలవు. ఇవి నీటి కప్పలు కావు; నిజమైన చేపలే. ఒడ్డునకు దగ్గరగాను, నదులు సముద్రమున కలియు మొగలలోను, మడ అడవుల కాలువలలోను తిరుగు చిన్న జాతి యిది. వీనిలో ఒకదానికి పటోకా యను శాస్త్రీయనామము కలదు. ఫ్రాన్సిస్ హామిల్టన్ అను మరియొక స్కాట్లాండు వైద్యుడు గంగానది చేపలను గురించి వ్రాసిన గ్రంథములో, 1822లో ఆ పేరు పెట్టెను. ఈ చేప సాధారణముగా జానెడు పొడవుండును. వీపు గోధుమరంగు కలిసిన ఆకుపచ్చ. దానిపై పాలచుక్కలు చల్లినట్లు తెల్లని మచ్చలుండును. పొట్ట తెల్లగా నుండును. దాని ప్రక్కను పసుపుపచ్చని చార కలదు.

ఇతర చేపలకువలె దీని ఒంటిపై పొలుసులు లేవు. చర్మమున సన్నని ముండ్లు కలవు. పొట్టక్రింది రెక్కలు లేవు. ప్రక్కటెముకలు లేవు. ఇవి లేకపోవుటయే దీనికి మేలైనది. శత్రువు తరిమినపుడు ఈ చేప గటగట నీరు మ్రింగును. దీని కడుపు మడతలు మడతలుగా నుండు సంచివంటిది. జీర్ణము చేయుట దాని పని కాదు. నీరు నిండిన కొలదియు ఆ మడతలు విప్పుకొనగా, చేప బంతివలె ఉబ్బును. అడ్డుపడుటకు ప్రక్కటెముకలు లేవు గదా! అప్పుడు చర్మమునందలి ముండ్లు నిక్కబొడుచుకొనును. నోటిలో పట్టని ఆ బంతిని పెద్దచేప విడిచిపోవును. వలలో చిక్కి ఇసుకపై పడినపుడు ఇది గాలి మ్రింగి ఉబ్బును. అట్టి సమయమున దీనిని చూచినవారికి, కప్ప అను పేరు ఎంత తగియున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

దీని పండ్లు పైదవుడకు రెండు, క్రిందిదవుడకు రెండుగా కలిసిపోయి, చిలుకముక్కువలె గట్టిగా నుండును. ఈ ముక్కుతో ఇది పీతలను, నత్తలను, ఆలుచిప్పలను పటపట కొరికి తినును. నాలుగు పండ్ల చేప యని అర్థమిచ్చు గ్రీకు మాటనే శాస్త్రజ్ఞులు ఈ కుటుంబమునకు పేరుగా వాడుచున్నారు.

ఉబ్బుటకంటె మించిన రక్షణ దీనికి మరియొకటి కలదు. అది విషము. కాలేయమునను, గ్రుడ్ల సంచిలోను, చర్మమునను ఆ విషము నిలువయుండును. రస్సెల్ ఇండియాకు రాకముందే, 1774 సెప్టెంబరులో, ప్రసిద్ధ నావికుడు కెప్టెన్ కుక్ న్యూ కాలెడోనియా దీవిలో ఈ కుటుంబపు చేపయొక్క కాలేయమును, గ్రుడ్లను కొంచెముగా రుచి చూచెను. ఆయనతోనున్న ప్రకృతిశాస్త్రజ్ఞులు, ఫార్‌స్టర్ తండ్రికొడుకులును తినిరి. ఆ రాత్రియే వారికి కాళ్లుచేతులు తిమ్మిరెక్కి, పట్టు తప్పెను. వారు ఎట్లో బ్రదికిరి. కాని ఆ చేప ప్రేవులను తిన్న పంది మరునాటికి చచ్చిపడియుండెను.

ఈ విషమునకు 1909లో జపానుదేశపు శాస్త్రజ్ఞుడు తహారా టెట్రోడోటాక్సిన్ అని పేరు పెట్టెను. దాని అణునిర్మాణము 1964లో తేలినది. నరములలో వార్త ప్రవహించుటకు సోడియము అణువులు పోవు సన్నని ద్వారములు కలవు. ఈ విషము ఆ ద్వారములను మూసివేయును. మొదట పెదవులు, నాలుక తిమ్మిరెక్కును. తరువాత కాళ్లుచేతులు చచ్చుబడును. తుదకు ఊపిరి ఆడించు కండరములు నిలిచిపోవును. రోగికి స్పృహ యుండియే ప్రాణము పోవచ్చును. వండినను, ఎండబెట్టినను ఈ విషము పోదు. దీనికి విరుగుడు మందు లేదు. వెంటనే ఆసుపత్రికి చేర్చి, యంత్రముతో ఊపిరి ఆడించుటయే ప్రాణము నిలుపు ఉపాయము. చేపకు మాత్రము దీనివలన హాని లేదు. దాని నరములలోని ద్వారములు కొంచెము మార్పు చెందియున్నందున విషము వాటిని మూయజాలదు. ఆ విషమును చేప తాను తయారుచేసికొనదు. సముద్రమందలి కొన్ని సూక్ష్మజీవులు దానిని తయారుచేయగా, ఆహారము ద్వారా అది చేప శరీరమును చేరును.

ఈ విషయములు రస్సెల్ కాలమునకు ఎవ్వరికిని తెలియవు. అయినను చేపను సరిగా గుర్తించి, బొమ్మ వ్రాయించి, పేరు నిలిపిన తరువాతనే గదా దాని గుణములను ఎవరైనను పరిశోధింపగలరు! కాటువేసిన పామును గుర్తించుటయు, వలలో పడిన చేపను గుర్తించుటయు ఒకే విద్య. రెండింటిలోను పొరపాటునకు మూల్యము ప్రాణమే. జాలరులు తరతరములుగా ఏ చేపను కూరకు వాడవలెనో, దేనిని ఇసుకపై విడువవలెనో ఎరిగియుండిరి. ఆ ఎరుక అంతయు వారి పేర్లలో ఇమిడియున్నది. పేరు మారినచో ఎరుక చెదరిపోవును. రస్సెల్ ఆ పేర్లను నిలుపుట ఇందుచేత గొప్ప మేలయ్యెను.

1789లో రస్సెల్ భారతదేశమును విడిచి ఇంగ్లండుకు మరలిపోయెను. తరువాతి పదునారు సంవత్సరములును ఇతడు తాను సేకరించినదానిని లోకమునకు అందించుటలోనే గడపెను. 1791లో ప్లేగును గురించిన గ్రంథము వెలువడెను. మహమ్మారి వచ్చినపుడు ఓడలను, ప్రయాణికులను ఎట్లు వేరుగా నుంచవలెనో, నగరపాలకులు ఏమి చేయవలెనో అందు వివరించెను. 1794లో అన్న రచించిన అలెప్పో ప్రకృతిచరిత్రను పెంచి, సరిదిద్ది మరల ప్రకటించెను. అన్న అప్పటికి మరణించి ఇరువదియారు సంవత్సరములైనది. 1796లో కోరమాండల్ తీరపు సర్పముల గ్రంథము మొదటి సంపుటము వెలువడెను. అందలి రంగుల బొమ్మల క్రింద తెలుగు పేర్లు ఆంగ్ల లిపిలో కానవచ్చును.

వార్ధక్యమునను ఇతని పరిశోధన ఆగలేదు. కొన్ని విషసర్పములకు ముక్కునకును, కంటికిని నడుమ చిన్న గుంట యుండుటను గమనించి, 1804లో రాయల్ సొసైటీకి తెలిపెను. ఆ గుంటల ప్రయోజనము అప్పుడు తెలియలేదు. చీకటిలో ఎలుకవంటి జీవుల శరీరపు వేడిని ఆ గుంటలతోనే పాము పసిగట్టునని ఇరువదవ శతాబ్దపు పరిశోధకులు కనుగొనిరి. త్రాచుపాము పడగ విప్పు తీరును గురించియు రస్సెల్ ఆ సంవత్సరముననే వ్రాసెను.

1805 జూలై 2వ తేదీన, ఎనుబదికి చేరువైన వయస్సున, పాట్రిక్ రస్సెల్ లండనులో మరణించెను. ఇతడు వివాహము చేసికొనలేదు. సర్పముల గ్రంథము అప్పటికి పూర్తికాలేదు. మిగిలిన భాగములు మరణానంతరము అచ్చయ్యెను.

రస్సెల్ పాముకాటునకు మందు కనిపెట్టలేదు. ప్లేగును తుదముట్టింపలేదు. కాని ఆ రెండింటిని జయించుటకు రాబోవువారికి అవసరమైన మొదటి మెట్టును ఇతడు కట్టెను. విషపుపాములను వేరుచేయుటకు ఇతడు చూపిన దారిని తరువాతివారు అనుసరించిరి. ఇతని పేరుగల పామునుండి తీసిన విషమునే నేడు వైద్యులు రక్తము గడ్డకట్టు తీరును పరీక్షించుటకు మిక్కిలి స్వల్పముగా వాడుచున్నారు. ఒకనాడు ప్రాణము తీయుటకే పుట్టినదని తోచిన వస్తువు, తెలిసికొన్నవారి చేతిలో ప్రాణరక్షణకు సాధనమైనది.

పరదేశమునుండి వచ్చిన రస్సెల్ తాను పండితుడనని గర్వింపక, పాములు పట్టువానిని, వల లాగువానిని అడిగి తెలిసికొనెను. విన్నదానిని పరీక్షించి చూచెను. చూచినదానిని మాత్రమే వ్రాసెను. మన చుట్టునున్న చెట్టును, పిట్టను, పురుగును, చేపను ఇట్లే శ్రద్ధతో గమనించు బాలబాలికలకు ఈ వైద్యుని జీవితము చక్కని మార్గదర్శి.